ఏడో గది మందు

ఫిర్యాదులు తీసుకునే సర్వీస్ డెస్కులో ఫోను మళ్ళీ మోగింది.

“ఏవండీ, ఏడో గదికి మందు ఏదీ?” నర్సమ్మ గొంతు కోపంతో మండిపోతోంది. “నిన్ననగా అడిగాను. మనిషి పెనంలా కాలిపోతున్నాడు.”

“పంపించానమ్మా. శాఖలో ఉంది,” అన్నాడు గుమాస్తా.

“ఏ శాఖలో?”

“వాహనాల శాఖలో.”

“బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టినట్టుంది! మందుకీ వాహనాలకీ ఏం సంబంధమండీ?”

“పొరపాటయింది. వెనక్కి తెప్పిస్తాను.”

ఆయన పొరపాట్లు చేసే మనిషి కాడు. ఏ ఫిర్యాదు ఏ శాఖకు వెళ్ళాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. అందుకే అక్కడ అందరూ ఆయన్ని గడియారం గారంటారు. అలాంటిది ఏడో గది పని దగ్గరికొచ్చేసరికి, గడియారానికి కీ ఇవ్వడం ఎవరో మరిచిపోయినట్టయింది.

ఏడో గది మనిషి కోసం వడ్రంగానికీ, కరెంటుకీ, వైద్యానికీ విడివిడిగా పనులు వెళ్ళాయి. అన్నీ అయితేగాని పని పూర్తయిందని రాసి ఆ ఫిర్యాదు మూయడానికి లేదు. మందు పని మీద ‘అత్యవసరం’ అని ఉంటే, గుమాస్తా దాన్ని ‘సాధారణం’ చేశాడు. వాహనాల శాఖ నుంచి తిరిగొచ్చాక స్టోర్సుకు పంపకుండా, అనుమతి కావాలంటూ లెక్కల శాఖకు తోశాడు.

వడ్రంగి చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్లకు ఆనుకున్నాడు.

“గడియారం బాబాయ్, తలుపు బిగుసుకుపోయిందన్నారుగా. నూనె పోశాను. ఇప్పుడు చప్పుడు లేకుండా తెరుచుకుంటోంది, రాసుకో. కరెంటువాళ్ళు లైటు కూడా వేసేశారు. ఇక నీ మందొక్కటే మిగిలింది. ఏంటి బాబాయ్, మరీ నత్తకే నడక నేర్పుతున్నావ్?”

గుమాస్తా తలుపు పని అయిందని రాసుకున్నాడు.

మధ్యాహ్నం గేటు బయటికి వెళ్ళాడు. ఏడో గది మనిషి తల్లి సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“జ్వరం తగ్గిందా నాయనా?”

“లేదమ్మా.”

“మందొచ్చిందా?”

“ఇంకా రాలేదు.”

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆయనకు దణ్ణం పెట్టింది. ఆ దణ్ణం చూడలేక ఆయన తల తిప్పుకున్నాడు. దేవుడా, నేను చేస్తున్నది పాపమేనా అని లోపలే అడిగాడు.

తిరిగొచ్చేసరికి నర్సమ్మ బల్ల ముందు నిలబడి ఉంది. చేతిలో మందు సీసా. తనే స్టోర్సుకు నడిచివెళ్ళి, పోట్లాడి మరీ తెచ్చుకుంది.

“మీకు అన్నం ఎలా సహిస్తోందండీ? వాడెవడైతే నాకేం, నా చేతికొచ్చినవాడు నా రోగి. ఒక ప్రాణంతో ఆటలాడతారా?”



మర్నాటికి జ్వరం దిగిపోయింది. మనిషి లేచి కూర్చుని పాలు తాగాడట. డాక్టరు, ఆరోగ్యంగా ఉన్నాడని సంతకం చేశాడు. గుమాస్తా కంప్యూటరు తెర మీద ఆ ఫిర్యాదు మూసేశాడు. తర్వాత గేటు బయటికి నడిచాడు.

“తగ్గిందమ్మా,” అన్నాడు.

ఆమె మొదలు నరికిన మానులా కూలిపోయింది.

ఒంట్లో బాగోని ఖైదీని ఉరి తీయరని ఆమెకు చెప్పింది ఆయనే.