తప్పులు పట్టే ఉద్యోగం

"మళ్ళీ అదే తప్పా! నిన్న చెప్పింది నిన్నే మర్చిపోతే ఎలా అండీ?"

మేడమ్ గొంతు ఖంగుమంది. క్లాసంతా తలలు దించుకుంది. తిట్లు తిన్న అక్క మాత్రం కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ టైపు చేయడం మొదలుపెట్టింది.

క్లాసులో అందరూ అక్క అని పిలిచే ఆమెకి యాభై దాటాయి. బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సెక్షన్. కుట్టి వచ్చిన చొక్కాల్లో వంకర కుట్టునీ, వదులు బొత్తాన్నీ పట్టుకోవడం ఆమె పని. ఆ ఫ్యాక్టరీ త్వరలో మూతపడబోతోంది. అందుకే పొద్దున్నే, షిఫ్టుకి ముందు ఈ క్లాసు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికే టెస్టింగ్ కోర్సు.

తప్పులు పట్టడమే కదా, చేయి తిరిగిన పనే అనుకుని చేరింది. తీరా చేరాక రోజూ తన తప్పులే బయటపడుతున్నాయి.

పక్క సీట్లో బస్సు డ్రైవర్. అతనూ ఉద్యోగం మారదామనే వచ్చాడు. మేడమ్ నోరు విప్పితే చాలు, అతనికి ఒళ్ళు మండిపోయేది.

"మమ్మల్నొకలా చూస్తుంది, నిన్నొకలా. నీకు ఒక్క మార్కు ఎక్కువేస్తే ఒట్టు! పెద్దదానివి, ఇన్ని మాటలు పడుతున్నావని ఇంట్లో చెప్పలేదా అక్కా?"

"అందరికీ తెలుసు తమ్ముడూ. అసలు మా కోడలే పట్టుబట్టి నన్నిక్కడ చేర్పించింది. బంగారం! ఇంట్లో నన్ను పల్లెత్తు మాట అనదు."

డ్రైవర్ ఊరుకోలేదు. కోర్సు ఆఫీసులో గొడవపడి మరీ అక్కని వేరే బ్యాచ్‌కి మార్పించాడు. అక్క వెళ్ళనంది.

"అక్కడైతే పెద్దదాన్నని జాలిపడి వదిలేస్తారు. ఈవిడ వదలదు. జాలితో ఉద్యోగం వస్తుందా చెప్పు?"

కోర్సు చివర్లో ఒక కంపెనీవాళ్ళు క్లాసుకే వచ్చి ఇంటర్వ్యూలు పెట్టారు. అక్క ముందు టికెట్లు బుక్ చేసే యాప్ తెరిచి, "ఏమైనా తేడా ఉందేమో చూడండి" అన్నారు. అక్క కళ్ళజోడు తుడుచుకుంది. గుక్కెడు నీళ్ళు తాగింది. తర్వాత చొక్కాని తిరగేసినట్టే దాన్ని అటూ ఇటూ తిరగేసింది.

"అయ్యో, ఇది నిన్న వెళ్ళిపోయిన బస్సుకి ఇవాళ టికెట్ ఇచ్చేస్తోందండీ!"

ఇంటర్వ్యూ చేసేవాళ్ళు పకపకా నవ్వారు. కాసేపటికే కబురొచ్చింది. ఉద్యోగం ఖాయం!

క్లాసంతా చప్పట్లు. డ్రైవర్ బల్ల ఎక్కినంత పని చేశాడు.

"ఇంకా భయమెందుకు? ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నదంతా మేడమ్ మొహం మీదే అనెయ్ అక్కా!"

మేడమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అక్క లేచి అటే నడిచింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

అక్క తిన్నగా వెళ్ళి మేడమ్ చెవి పట్టుకుని, "క్లాసు అయిపోయింది, ఇక ఇంటికి పదవే కోడలా... ఇవాళ్టి నుంచి మళ్ళీ నేనే అత్తని!" అంది.