ఒక్క ఫోనూ రాలేదు

"జ్వరమని రెండు రోజులు రాలేదు కదమ్మా. నువ్వు కనబడలేదని మన ఛానెల్‌కి ఒక్క ఫోనైనా వచ్చిందా?" అన్నాడు మేనేజరు.

"రాదు సార్. నాకు ఫోన్లు రావు" అందామె.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు. ఏడిస్తే ఇద్దామని దగ్గర పెట్టుకున్న మంచినీళ్లు తనే తాగేశాడు.

"అదే మన కోటు బాబు ఒక్కపూట రాకపోతే ఫోను మోగి మోగి అరిగిపోయింది. రేపటి నుంచి నీ స్థానంలో బట్టల దుకాణం ప్రకటన వేద్దామనుకుంటున్నా."

"మంచిదే సార్. అది జనానికి అర్థమైనా అవుతుంది."

కోటు బాబు అంటే ఆమెతోపాటు సాయంత్రం వార్తలు చెప్పే అతను. ఊళ్లో అతనికి క్షవరం ఉచితం. ఆమెను మాత్రం సొంత వీధి చివర కూరగాయలమ్మే ఆవిడ కూడా గుర్తుపట్టదు. ఒకసారి ఇద్దరూ టీ కొట్టు దగ్గర నిలబడితే, కొత్తగా పెళ్లైన జంట ఒకటి ఫోటో కోసం పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, మీరు కాస్త పక్కకు జరుగుతారా?" అంది పెళ్లికూతురు. జరిగింది. జరగడం ఆమెకు అలవాటే.

ఇంట్లో పరువు అంతకన్నా గొప్పగా ఏం లేదు.

"రోజూ చూస్తానే తల్లీ. నువ్వు చెప్పేది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు!" అంటుంది అమ్మ.

"మీకు అక్కడ అర్థం కాదు, నాకు ఇంట్లోనే అర్థం కాదు అత్తయ్యా" అని వంత పాడతాడు మొగుడు.

మేకప్ వేసే అక్కది మరో గోల. "చేతికి గాజుల్లేవు, వేలికి ఉంగరం లేదు. ఎప్పుడూ ఆ ముదురు రంగు బట్టలే. వార్తలు చెప్పడానికొస్తున్నావా, పరామర్శకొస్తున్నావా?"

ఒకరోజు కరువు వార్తలో పొరపాటున వరద అని చెప్పేసింది. ఆఫీసులో ఎవరూ కిక్కురుమనలేదు. మర్నాడు తనే క్షమాపణ కూడా చెప్పుకుంది. అదీ ఎవరికీ తెలియలేదు.

అయినా ఆ పని ఆమెకు ప్రాణం. కెమెరా మీద ఎర్రలైటు వెలగ్గానే, అవతల ఎవరో తనకోసమే కళ్లప్పగించి కూర్చున్నట్టు ఉంటుంది. అది పోతుందంటే మాత్రం ఆమెకు నవ్వులాట మాటలు రావడం లేదు.

"సార్, ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి. జీతం తగ్గించినా సరే."

"నిన్ను చూసేవాళ్లుంటే నేనెందుకు తీస్తానమ్మా?"

అంతలో వాచ్‌మన్ ఆయాసపడుతూ వచ్చాడు. "సార్, గేటు దగ్గర జనం! ఆడా మగా, ముసలీ ముతకా. ఏం కావాలయ్యా అంటే పలకరు, పొమ్మంటే కదలరు."

మేనేజరు కిటికీ తెర తొలగించి చూసి, చటుక్కున మూసేశాడు. "ఏ వార్త ఎవరికి కాలిందో! కోటు బాబును పంపు. వాడి నవ్వు చూస్తే చల్లబడతారు."

కోటు బాబు నవ్వుకుంటూ వెళ్లాడు. నవ్వు లేకుండా తిరిగొచ్చాడు.

"నమస్కారమన్నా ఉలకరు సార్. పైగా నన్ను కాదు, నా పక్కకు చూస్తున్నారు. అక్కడ ఇంకెవరో ఉండాలన్నట్టు!"

మేనేజరు ముఖం పాలిపోయింది. "ఇప్పుడెవరు వెళ్తారు?"

"ఎలాగూ పోయేదాన్నేగా సార్. ఆ రాళ్లదెబ్బలేవో నేనే తింటాను" అని ఆమె కొంగు దోపుకుని మెట్లు దిగింది.

అంత జనంలోంచి చిన్న మాటైనా వినబడలేదు, ఆమె కనబడగానే చేతులన్నీ ఒక్కసారిగా లేచి, ఆమె రోజూ తెర మూలన నిలబడి వార్తలు చెప్పే ఆ సైగల భాషలోనే, "నిన్నా మొన్నా మాకు వార్తలే లేవు, ఏమైపోయారు?" అని అడిగాయి.