వణికే చేతులు

"ఎక్కండి డాక్టరుగారూ," అంటూ క్లినిక్ ముందు గ్వెన్ కారు తలుపు తీసింది. తాగుడుకు బానిసలైన వైద్యులను చికిత్సకు తీసుకెళ్లడం ఆమె ఉద్యోగం. రమ్మని ఫోన్ చేసింది డాక్టర్ కెలహరే.

పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు. ఆయన చేతులు గడగడ వణుకుతున్నాయి.

అంతలో ఊరవతల గొర్రెల ఉన్ని కత్తిరించే కొట్టం నుంచి ట్రక్కు దూసుకొచ్చింది.

"డాక్టరుగారూ! మా తమ్ముడి తొడ తెగింది, రక్తం ఆగట్లేదు!" అని ట్రక్కు నడుపుతున్న కూలీ బ్రోడీ అరిచాడు.

"ఈ మారుమూలకు వచ్చే అంబులెన్సు విమానమో?" అని కెలహర్ అడిగాడు.

"దుమ్ము తుఫానులో ఎగరదంట. మీరు తప్ప దిక్కెవరు?"

కెలహర్ గ్వెన్ వైపు తిరిగాడు. "ఒక్క గుక్క పడితేగాని ఈ చేతులు సూది పట్టవమ్మా. ఇవాళ తాగితే, మళ్లీ మిమ్మల్ని పిలిచే ధైర్యం నాకు రాదు."

ట్రక్కులోంచి మూలుగు వినిపించింది. గ్వెన్ ఆయన కళ్లలోకి చూడలేకపోయింది.

"సీసా ఎక్కడ పెట్టారు?" అని అడిగింది.