పేరులేని సమాధి మీద గులకరాళ్లు

“ఆ సమాధి మీద రాళ్లు పెడతన్నది నువ్వేనా అని అడుగుతంది, అమ్మమ్మా,” అంది పద్మిని.

ఎదురుగా చాప మీద హదస్సా కూర్చుని ఉంది. చనిపోయిన తన అమ్మమ్మ రేచల్ తాలూకు గుర్తేదైనా దొరుకుతుందేమోనని హైఫా నుంచి యాంగోన్ వచ్చి, మూడు రోజులుగా యూదుల శ్మశానం గాలిస్తోంది. దొరికిందల్లా పేరులేని ఓ పిల్ల సమాధి, దాని మీద కొత్తగా పెట్టిన గులకరాళ్లు. పోయినవాళ్ల దగ్గర రాయి ఉంచడం యూదుల ఆచారం. ఊళ్లో చూస్తే యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఎవరు పెడుతున్నారని అడిగితే కాపలాదారు పజుండౌంగ్ పేటలోని ఈ తెలుగువాళ్ల ఇల్లు చూపించాడు.

తొంభై దాటిన సింహాచలమ్మ, పచ్చబొట్లు వెలిసిన చేత్తో టీ అందిస్తూ, “నానే,” అంది. “దొరసాని బిడ్డది. మాయమ్మ సూసుకోమన్నాది.”

ఆమె తల్లి ఆ యూదు దొరసాని ఇంట్లో ఆయా. దొరసాని కూతురు రేచల్, సింహాచలమ్మ, రేచల్ ఈడుదే అయిన సింహాచలమ్మ చెల్లెలు చిన్నతల్లి, ముగ్గురూ ఆ ఇంటి వరండాలోనే పెరిగారు. మామిడిపండు రసం మోచేతుల దాకా కార్చుకుంటుంటే దొరసాని పడీపడీ నవ్వేది. ఆ నవ్వు ముసలమ్మకు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. 1942లో జపాన్ బాంబులు పడ్డాయి. కలకత్తా ఓడకు దొరసానికీ కూతురికీ పాసులొచ్చాయి. ఆయా కుటుంబానికి ఇండియా దాకా అడవిలో నడకే మిగిలింది. ఆ దారిలో పిల్లలు బతకడం లేదని కబురు. చిన్నతల్లి ఆ గొడవల్లోనే పోయిందని ఇంట్లో అందరూ అనుకుంటారు. ఓడ ఒడ్డు చేరిందో లేదో ఎనభై ఏళ్లుగా చెప్పినవాళ్లు లేరు. సింహాచలమ్మకు కావలసింది ఆ ఒక్క కబురే.

“ఓడెక్కిన పిల్ల బతికిందేటి?”

ఎనభై ఏడేళ్లు బతికిందని, నలుగురు పిల్లలని హదస్సా చెబితే పద్మిని తెలుగులోకి మార్చి చెప్పింది. ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

హదస్సా ఫొటో చూపించింది. నవ్వుతున్న ముసలావిడ, మణికట్టు మీద మూడు పచ్చ చుక్కలు. జర్మన్ల క్యాంపులో వేసిన గుర్తని హైఫాలో ఇరుగుపొరుగువాళ్లు అనుకునేవారట. ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు, చేయి మాత్రం కప్పుకునేదట.

సింహాచలమ్మ గాజులు పైకి తోసి, తన మణికట్టును ఫొటో పక్కన పెట్టింది. అవే మూడు చుక్కలు.

“రేచల్‌కి కూడా పచ్చబొట్టు పొడిపించేసారేటి?” అంది పద్మిని.

సింహాచలమ్మ తల అడ్డంగా ఊపి, ఫొటోలో చెల్లెలి ముఖాన్ని వేలితో తడిమింది.

“రేచల్ ఆ రాళ్ల కిందే ఉందమ్మా.”