గడ్డం గీసిన నేరం

జనగామలో సాయిలు సెలూన్ కుర్చీ, ఎవరు కూర్చున్నా వాళ్ల పేరు గుర్తుపట్టి చెబుతుంది. ఆ ఆదివారం వీరమల్లు మాస్టారు కూర్చోగానే, "ఉగ్రవాదుల జాబితాలోని వ్యక్తి. సేవ చేస్తే మీరూ చేరతారు" అంది.

"ఏం జేసిండ్రు సార్?" అన్నాడు సాయిలు.

"చెరువు పూడ్చొద్దని అర్జీ మీద సంతకం పెట్టిన. బ్యాంకు, బస్సు అన్నీ బందైనయ్. నేను పోత, నీకెందుకు తిప్పలు" అంటూ మాస్టారు లేవబోయాడు.

సాయిలుకు అక్షరాలు నేర్పింది ఆయనే. భుజం పట్టి కూర్చోబెట్టి నురుగు పూశాడు. ఎక్కడా గాటు పడనివ్వలేదు. గీయడం పూర్తయ్యేలోగా కుర్చీ సాయిలు పేరు కూడా చదివింది. మర్నాడు సెలూన్ షట్టర్ ఎంత లాగినా తెరుచుకోలేదు.

జాబితాలోంచి పేరు తీయమని విన్నపం పెట్టుకోవడానికి ఫారం వచ్చింది. "ఉగ్రవాదితో కలిసి చేసిన పనులు వివరించండి" అని అడిగారు. సాయిలు బాగా ఆలోచించి, "ముందు కుడి చెంప, తర్వాత ఎడమ చెంప, ఆఖరికి మీసం" అని రాశాడు.

వారానికి జవాబొచ్చింది. నేరం ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు, ఏడాది పాటు జాబితాలోనే ఉంటారని.

సాయిలు కత్తీ కత్తెరా సంచిలో వేసుకుని మాస్టారింటికి వెళ్లాడు. వాకిట్లో మరో ఆరుగురు మాసిన గడ్డాలతో కూర్చుని ఉన్నారు. అందరూ చెరువు అర్జీ మీద సంతకం పెట్టినవాళ్లే. వాళ్లకు గడ్డం గీసే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేదు.

"వరుసల కూసోండ్రి," అన్నాడు సాయిలు సంచి దించుతూ. "నాకింక పోయేదేముంది?"