చివరి వరుస

“ఆడలేక మద్దెల ఓడందిట, నీలాంటిదే,” అంది అక్క.

చెల్లెలు వెనక్కి తిరగలేదు. స్క్రీన్ మీద పూలతీగ సగంలో నిలిచిపోయి చాలాసేపయింది. ఎంబ్రాయిడరీ మిషన్‌కి ఎక్కించాల్సిన డిజైన్ అది. కర్టెన్ల దుకాణం వాళ్లు పొద్దుటినుంచీ ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు.

“కంప్యూటర్ పెట్టె నెమ్మదించింది. నేనేం చేయను?”

“పెట్టెనంటావేం? పదో క్లాసు తప్పినప్పుడూ పెన్ను మంచిది కాదనే అన్నావు.”

“నీకు ఇంత తిండి పెట్టే చెయ్యి ఇది. గుర్తుంచుకో.”

“ఎందుకు గుర్తుండదు? ఉప్పెక్కువేసే చెయ్యి.”

అక్క ఒకప్పుడు హెడ్మిస్ట్రెస్. మోకాళ్లు మొరాయించాక, హాల్లో కంప్యూటర్ పక్కనున్న కుర్చీయే ఆమెకి ఆఫీసు గది. అల్లికపని చేస్తున్నట్టు వేళ్లు ఒళ్లో ఆడుతూనే ఉంటాయి. ఆ గొంతులో ఎక్కుడూ దిగుడూ ఉండవు. మంచినీళ్లడిగినా, మనసు కోసినా ఒకటే స్థాయి. అరిచేవాళ్లయితే తిరిగి అరవొచ్చు. అరవకుండా కోసేవాళ్లని ఏం చేస్తాం?

చెల్లెలు కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసింది.

“ఏం లేదు మేడమ్. పెట్టె ఒకటి, పనులు పది. అన్నీ ‘నాకు ముందు, నాకు ముందు’ అని మీద పడతాయి. ఎవరు ముందో మనమే చెప్పాలి,” అన్నాడతను. ఏ మీటలు నొక్కాలో చెప్పి, “లిస్టు కనిపిస్తోందా? మీ డిజైన్ కాకుండా ఇంకేం నడుస్తోంది?” అనడిగాడు.

“అక్కదొకటి ఉంది.”

“అది కాస్త వెనకబడినా పర్వాలేదా?”

చెల్లెలు ఓరకంట కుర్చీ వైపు చూసింది. “నాకైతే పర్వాలేదు.”

“అయితే దాని ప్రయారిటీ తగ్గించండి. మీదానికి పెంచండి. మరీ నెత్తికి మాత్రం ఎక్కించకండి. మిగతావి ఊపిరాడక చస్తాయి.”

అలాగే చేసింది. పూలతీగ చకచకా పాకింది.

“చూశావా, పరుగెడుతోంది!” అంది అక్కని వెక్కిరిస్తూ.

అక్కకి అలకొచ్చినట్టుంది. జవాబు వెంటనే రాలేదు. చెల్లెలు లేచి, మిషన్‌కి దారం మార్చుకుని వచ్చి కూచున్నాక వచ్చింది.

“పరుగెత్తేది పెట్టె. నువ్వు కాదు.”

ములుకు ములుకే. కానీ సమయం దాటిన ములుకు గుచ్చుకోదు. చెల్లెలికి నవ్వొచ్చింది.

అంతలో తమ్ముడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ఎందుకో ఆమెకి తెలుసు. వారం నుంచి నలుగుతున్న సంగతే. ఊరి చివర వృద్ధుల హోమ్‌లో మంచం ఒకటి ఖాళీ అయింది. ‘ఇంక నావల్ల కాదు, పెద్దక్కని పంపేద్దాం. తనూ సరేనంది’ అని తమ్ముడికి చెప్పేసింది చెల్లెలు. అక్కతో ఆ ఊసే ఎత్తలేదు.

ఫోన్ మోగుతూనే ఉంది. మాటల్లో పడితే పని పాడవుతుంది. చెల్లెలు మళ్లీ లిస్టు తెరిచింది. తనదాన్ని అన్నిటికంటే పైకి ఎక్కించింది. అక్కదాన్ని అట్టడుగుకి తోసింది. ఇలా మారిస్తే ఇబ్బందులు రావచ్చు, మార్చాలా అనడిగింది కంప్యూటర్. మార్చమంది. బండెడు కుట్లున్న పెద్ద డిజైన్ ఒకటి ఎక్కించి, అప్పుడు ఫోనెత్తి స్పీకర్ నొక్కింది.

“చిన్నక్కా, నాకు మీటింగుంది. హోమ్ వాళ్లు నా మాట కోసం చూస్తున్నారు. పెద్దక్క సరేనందని నువ్వు చెబితే చాలదు, తనే చెప్పాలి. పక్కనే ఉందా?”

“ఎదురుగానే ఉంది. నువ్వే అడుగు.”

“పెద్దక్కా! హోమ్‌కి వెళ్లడం నీకు ఇష్టమేనా? కాకపోతే వద్దను, ఒక్క ముక్క చాలు. చిన్నక్కకి నేను నచ్చజెప్పుకుంటా. ఏమీ అనకపోతే ఇష్టమేననుకుంటా.”

అక్క మొహం పాలిపోయింది. వేళ్లు ఒళ్లో గబగబా కదిలాయి. స్క్రీన్ వంక చూసింది. చెల్లెలి వంక చూసింది. ఎన్నడూ ఎవరి ముందూ దించని ఆ కళ్లు బతిమాలుతున్నాయి. అయినా చెల్లెలి చెయ్యి మౌస్ మీదికి వెళ్లలేదు.

అక్క కుర్చీని దబదబా బాదింది.

“ఏంటా చప్పుడు?” అన్నాడు తమ్ముడు.

“నా మిషనే.”

తమ్ముడు ఇంకాసేపు ఆగాడు. నిట్టూర్చాడు.

“ఇష్టం లేకపోతే పెద్దక్క ఊరుకునే రకమా? మౌనం అర్ధాంగీకారం అన్నారు. రేపు పొద్దున్నే బండి పంపమంటా.”

ఫోన్ పెట్టేశాడు.

పెద్ద డిజైన్‌లో చివరి కుట్టు కూడా పడి కంప్యూటర్‌కి తెరిపి దొరికాక, గొంతు కేన్సర్ మాట మింగేసిన నాటి నుంచీ అక్క ఒళ్లోని కీబోర్డు మీద టైపు చేసే ప్రతి మాటనూ ఆమె బదులు పలికే ఆ ప్రోగ్రామ్, స్పీకర్లోంచి పలికింది: “వద్దు తమ్ముడూ, వద్దు.”