నాయన పక్క

"బిడ్డను నా పక్కలో పండబెడతావా లేదా, అది చెప్పు," అన్నాడు గంగాధరప్ప, మధ్యాహ్నం కునుకు తీద్దామని మగ్గం గుంతలోంచి పైకొస్తూ.

"పండబెట్టను. చాప ఉండాది, ఉయ్యాల ఉండాది. వాని పాటికి వాడు పండుకుంటాడు. నీ పక్కలో మాత్రం వద్దు," అంది భార్య నరసమ్మ, పట్టుపోగును కండెకు చుట్టే చెయ్యి ఆపకుండానే.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది ఎండాకాలం అది. ధర్మవరంలో గంగాధరప్ప నేత అంటే పేరున్న నేత. పెళ్ళిళ్ళ కాలం కావడంతో పట్టుచీరలకు ఒకటే తొందర. కోడి కూయగానే ఆయన గుంతలో దిగుతాడు. నరసమ్మ బిడ్డకు పాలిచ్చి, నీళ్ళు పోసి, తక్కిన పొద్దంతా కండెల ముందే కూర్చుంటుంది. ఇద్దరికీ కూర్చున్నచోటే కునుకు పడుతోంది. ఇలా అలసిపోయినవాళ్ళ పక్కలో పసిబిడ్డ ఉండకూడదని ఆమె పట్టు. ఒళ్ళెరగని నిద్రలో చెయ్యో కాలో మీద పడితే, ఇంకా మెడ నిలవని కూన ఎవర్ని పిలుస్తుందని అడుగుతుంది. మెత్తటి బొంత కూడా వేయనివ్వదు. గట్టి చాప మీద వెల్లకిలా పడుకోబెడుతుంది.

గంగాధరప్పకు అది తల కొట్టేసినట్టుంది. లేకలేక పుట్టిన కొడుకు. తమ ఇంట్లో పిల్లలంతా తండ్రి పక్కలోనే పెరిగారట. పైగా తనది కోడికునుకట.

"పక్కింటి మగ్గంలో పోగు తెగినా నిద్రలో నాకు తెలుస్తాది. నా బిడ్డ నా కింద పడితే తెలీదా?"

మొండివాడు రాజుకంటే బలవంతుడు. నరసమ్మ కండె పక్కన పెట్టి, లేచి వంటింట్లోకి పోయింది. కాసేపటికి తెల్లగుడ్డ మూటను రెండు చేతులా ఎత్తుకొచ్చి, చాప మీద మెల్లగా దించింది. ఈగలు వాలకుండా పైన ఇంకో గుడ్డ కప్పింది.

"నీ ఇష్టమే కానీ. ఇప్పుడే కన్ను మూసినాడు, గుడ్డ తీసి లేపొద్దు."

గంగాధరప్ప పక్కన చేరి మూట మీద చెయ్యి వేశాడు. వెచ్చగా తగిలింది. ఒళ్ళు కాలుతోందేమని అడిగితే, ఇప్పుడే కదా వేన్నీళ్ళు పోశానని ఆమె అంది. ఆ వెచ్చదనానికి ఆయన గుండె నిండిపోయింది. ధర్మవరం మొత్తానికి తనంత భాగ్యవంతుడు లేడనిపించింది. అలా అనుకుంటూనే కన్ను మూశాడు.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. పక్కింటి నేతగాడు అంజినప్ప వాకిట్లో నిలబడి పిలుస్తున్నాడు. గంగాధరప్ప పడుకున్నచోటి నుంచే గొప్పగా చెప్పుకున్నాడు.

"చూడప్పా, ఇంతసేపూ నా కొడుకు నా పక్కలోనే పండుకున్యాడు. నేను కదల్లా, వాడు ఏడ్వలా. మా నరసమ్మది ఉత్త భయం."

"ఏదీ, ఎత్తుకో, చూస్తాం."

గంగాధరప్ప పక్కకు చెయ్యి చాపాడు. చాప తగిలింది. మూట లేదు. అప్పుడు తెలిసింది, అది తన డొక్క కింద ఉందని. చటుక్కున లేచి చూశాడు. మూట రొట్టెలా చదునైపోయింది. అందులో కదలిక లేదు. వెంట్రుకంత పట్టుపోగును చీకట్లో అతికే ఆ వేళ్ళకు గుడ్డ ముడి విప్పడం చేతకాలేదు. అంజినప్ప గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు వంటింటి గడపలోకి వచ్చింది నరసమ్మ, తలెత్తుకుని. ఆమె భుజం మీద బిడ్డ పాలు తాగి కాళ్ళాడిస్తున్నాడు.

"నీ కొడుకు ఈడుండాడు. ఆ గుడ్డలో ఉండేది నీ మధ్యాన్నం రాగిసంగటి ముద్ద, లేసి పులుసు పోసుకొని తిను."